ఆ చప్పుడు పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా? 25 వారాలకే పుట్టిన ఒక పాప కేసు

పిల్లల ఊపిరితిత్తుల వైద్యంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు నా దగ్గరికి ఎక్కువగానే వస్తారు. వాళ్ల విషయంలో నాకు తెలియని కొత్త ఏదో ఎదురవుతుందని ఈ కేసుకు ముందు అనుకోలేదు. ఎనిమిది నెలలు తప్పు దారిలో నడిచాక గాని తెలిసిరాలేదు. నేనొక్కడినే చేసిన పొరపాటు కాదనిపించి రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. పాపను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

పాపకు పదేళ్లు. 25 వారాల గర్భానికే 740 గ్రాముల బరువుతో పుట్టింది. పుట్టిన వెంటనే, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ ఇచ్చారు. ఐదు వారాలు వెంటిలేటర్ మీద, మరో ఐదు వారాలు సీప్యాప్ (ఒత్తిడితో గాలి అందించే యంత్రం) మీద ఉంది. మూడో వారంలో గుండె దగ్గర పీడీఏ, అంటే పుట్టాక మూసుకుపోవాల్సిన ఒక రక్తనాళం, మూసుకోకపోవడంతో ఆపరేషన్ చేసి ముడివేశారు. గర్భం లెక్కలో 36 వారాలు వచ్చేసరికి ఇంకా ఆక్సిజన్ అవసరం ఉంది కాబట్టి, నిర్వచనం ప్రకారం బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా, అంటే బీపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు. ఇంటికి వెళ్లాక కూడా ఐదు నెలలు ఆక్సిజన్ సిలిండర్ పక్కనే పెరిగింది.

ఈ జబ్బును 1967లో తొలిసారి వర్ణించినది నార్త్‌వే అనే రేడియాలజిస్టు. ఆయన చూసినవి వెంటిలేటర్ ఒత్తిడి, అధిక ఆక్సిజన్ కలిసి చేసిన గాయాలు, మచ్చలు. సర్ఫాక్టెంట్, గర్భిణికి ముందే ఇచ్చే స్టెరాయిడ్ వచ్చాక ఇంకా చిన్న పిల్లలు బతకడం మొదలైంది, జబ్బు ముఖం మారింది. ఇప్పుడు కనబడేది మచ్చల కంటే ఎక్కువగా ఆగిపోయిన ఎదుగుదల. 25 వారాలకు ఊపిరితిత్తిలో గొట్టాలు ఉంటాయి, వాటి చివర సంచులు అప్పుడే ఏర్పడుతుంటాయి. అసలైన వాయుకోశాలు దాదాపు 36 వారాల నుంచి పుట్టుకొస్తాయి, తొలి రెండు మూడేళ్లు వేగంగా పెరుగుతాయి. ఆ పని మొదలుకాక ముందే గాలి పీల్చాల్సి వచ్చిన బిడ్డకు వాయుకోశాలు తక్కువగా, పెద్దవిగా మిగులుతాయి.

దీనివల్ల గొట్టాలకూ నష్టమే. చిన్న శ్వాసనాళాలను చుట్టూ ఉన్న వాయుకోశాల గోడలే గుడారపు తాళ్లలా నాలుగు వైపులా లాగి తెరిచి ఉంచుతాయి. గోడలు తగ్గితే తాళ్లు తగ్గినట్టే. గట్టిగా ఊదినప్పుడు నాళం త్వరగా ముడుచుకుంటుంది. అందుకే ఈ పిల్లల్లో స్పైరోమెట్రీ, అంటే గట్టిగా ఊదించి గాలిని కొలిచే పరీక్ష, చేస్తే ఉబ్బసం లాంటి గీత వస్తుంది, కాని అది ఉబ్బసం కాకపోవచ్చు. మొదటి సెకనులో ఊదగలిగే గాలి, అంటే ఎఫ్‌ఈవీ-1, నెలలు నిండి పుట్టిన పిల్లలతో పోలిస్తే బీపీడీ లేనివాళ్లలో సగటున 7 శాతం, 36 వారాలకు ఆక్సిజన్ అవసరమైన వాళ్లలో సుమారు 19 శాతం తక్కువని 2013లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ లెక్కగట్టింది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసినదంతా సరిగ్గా సరిపోయినట్టు కనబడటం వల్లే, తర్వాత జరిగింది జరిగింది.

ఏం సమస్యతో వచ్చారు

పరుగెత్తితే ఆయాసం. వందడుగులు దాటితే ఆగి, వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటుంది. గొంతులోంచి ఏదో చప్పుడు వస్తుందని తల్లి చెప్పారు. అంతకుముందు చూసిన వైద్యులు ఉబ్బసం అనుకుని పీల్చే స్టెరాయిడ్ రెండేళ్లుగా వాడిస్తున్నారు. ఆటకు ముందు, శ్వాసనాళాలను తెరిచే సాల్బ్యుటమాల్ రెండు పఫ్‌లు. దానివల్ల ఏమైనా తేడా ఉందా అని పాపనే అడిగాను. కాసేపు ఆలోచించి, "వేసుకుంటే అమ్మ ఊరుకుంటుంది" అంది. నవ్వుకున్నాను గాని, అందులో ఎంత సమాచారం ఉందో అప్పుడు గ్రహించలేదు.

పాప మెల్లగా, కాస్త బొంగురుగా మాట్లాడుతుంది. సిగ్గరి అనుకున్నాను. "మొదటి నుంచీ దాని గొంతు అంతే డాక్టరుగారూ" అని తండ్రి కూడా అన్నారు.

బడిలో వ్యాయామ పీరియడ్‌లో ఆమె చెట్టు కింద కూర్చుని మిగతా వాళ్ల సంచులు కాపలా కాస్తుంది. వైద్యుడి ధ్రువపత్రం ఉంది కాబట్టి ఎవరూ ఆడమనరు. పాత పత్రం గడువు తీరిపోయిందని కొత్తది అడిగారు. రాసిచ్చాను. పరీక్షలు పూర్తయ్యేదాకా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. పత్రం మీద మాత్రం ఏడాది గడువు వేశాను.

మొదటి పరీక్షలు, నా లెక్క

ఎత్తు 132 సెంటీమీటర్లు, బరువు 26 కిలోలు. ఎఫ్‌ఈవీ-1 1.18 లీటర్లు, ఆ వయసు, ఎత్తు ఉన్న ఆడపిల్లకు రావాల్సిన దానిలో 70 శాతం, జెడ్ స్కోరు (సగటుకు ఎంత దూరమో చెప్పే లెక్క) మైనస్ 2.5. మొత్తం ఊదగల గాలి, ఎఫ్‌వీసీ, 1.66 లీటర్లు. రెంటి నిష్పత్తి 0.71. అంటే గాలి బయటికి వచ్చే దారిలో అడ్డంకి ఉంది. సాల్బ్యుటమాల్ తర్వాత 1.25. ఆ పెరుగుదల రావాల్సిన విలువలో 4 శాతమే, 10 శాతం దాటితే గాని మందుకు స్పందించినట్టు చెప్పం. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ 9 పీపీబీ (వంద కోట్లలో 9 వంతులు). అలర్జీ తరహా ఉబ్బసంలో ఇది పెరుగుతుంది. పిల్లల్లో 20 లోపు ఉంటే ఆ వాపు ఉండే అవకాశం తక్కువ.

వ్యాయామంతో శ్వాసనాళాలు బిగుసుకుంటున్నాయేమో చూడటానికి ట్రెడ్‌మిల్ పరీక్ష చేశాం. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు గట్టిగా పరుగెత్తించి, తర్వాత అరగంట పాటు ఎఫ్‌ఈవీ-1 మళ్లీ మళ్లీ కొలుస్తాం. 10 శాతం పడిపోతే పాజిటివ్. ఆమెకు పడింది 4 శాతం. ఫైల్లో "నెగటివ్" అని రాశాను.

ఇక్కడ నా మొదటి తప్పు. ఆమె నాలుగో నిమిషంలోనే ఆపేసింది. గుండె వేగం 148 దాటలేదు. పరీక్ష చెల్లాలంటే గరిష్ఠ వేగంలో 80 నుంచి 90 శాతం, ఈ వయసులో సుమారు 170 నుంచి 190, చేరాలి. అంటే ఆ పరీక్ష నెగటివ్ కాదు, చెల్లని పరీక్ష. ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాల్సింది. నాళాలు బిగుసుకునే ఆయాసం సాధారణంగా పరుగు ఆపిన తర్వాత నిమిషాల్లో ముదురుతుంది. ఈమెకు పరుగెత్తుతుండగానే వచ్చి, ఆపిన రెండు నిమిషాల్లో పోతోంది. వేళ కుదరడం లేదు. అది చూశాను, రాసుకున్నాను, దాటేశాను.

మందు పెంచడం

అయినా మందు ఎందుకు పెంచాను? యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2020 మార్గదర్శకాలు బీపీడీ పిల్లలందరికీ పీల్చే స్టెరాయిడ్ ఇవ్వాలని చెప్పవు, ఆ మాటకొస్తే వద్దనే వైపే మొగ్గుతాయి. కాని కార్డిఫ్ బృందం చేసిన రైనో ట్రయల్ నా మనసులో ఉంది. 34 వారాలు లేదా అంతకుముందే పుట్టి, ఎఫ్‌ఈవీ-1 85 శాతం మించని, 7 నుంచి 12 ఏళ్ల పిల్లలకు స్టెరాయిడ్‌తో పాటు దీర్ఘకాలం పనిచేసే బ్రాంకోడైలేటర్ (శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు) కలిపి 12 వారాలు ఇస్తే ఎఫ్‌ఈవీ-1 స్పష్టంగా పెరిగింది. మా పాప వయసు, పుట్టుక, అంకెలు అన్నీ అందులో సరిపోతాయి. ప్రయత్నించి చూడటం తప్పు కాదు. ఇప్పుడైనా అదే చేస్తాను. కాని అదే ట్రయల్‌లో వ్యాయామ సామర్థ్యం నేరుగా పెరగలేదన్న వాక్యం కూడా ఉంది. ఆ కుటుంబం వచ్చింది పరుగు కోసం, నేను వైద్యం చేసింది అంకెకు.

పన్నెండు వారాల తర్వాత ఎఫ్‌ఈవీ-1 1.24. ఆయాసంలో మార్పు లేదు. చప్పుడులో మార్పు లేదు. మందు సరిగ్గా పీలుస్తోందా అని స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం) వాడే తీరు రెండుసార్లు చూశాం. బాగానే పీలుస్తోంది. తల్లి పట్టిక గీసి మరీ డోసులు గుర్తుపెట్టుకున్నారు. మందు అందలేదనే సాకు కూడా నాకు మిగల్లేదు.

పరుగు పథకం, అది కూలిన తీరు

అప్పుడు రెండో దారి పట్టాను. ఊపిరితిత్తి ఇంతే, దాన్ని మార్చలేం, కండరాలనూ గుండెనూ తయారు చేద్దాం అనుకున్నాను. ఆలోచన సబబే. ఏళ్ల తరబడి కూర్చున్న పిల్ల కాళ్ల కండరాలు ఆక్సిజన్‌ను సరిగ్గా వాడుకోలేవు. తక్కువ శ్రమకే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, దాన్ని వదిలించుకోవడానికి ఊపిరి వేగం పెరుగుతుంది. ఆయాసం వస్తుందని కూర్చోవడం, కూర్చున్నందుకు ఆయాసం రావడం. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి.

అమలు మాత్రం కాగితం మీదిది. రోజూ ఇరవై నిమిషాలు ఆపకుండా నెమ్మది పరుగు అని రాసిచ్చాను. పెద్దవాళ్లకు రాసే చీటీ అది. పదేళ్ల పిల్లలు ఏ ఆటలోనైనా ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పరుగెత్తడం చూశామా? పది క్షణాలు దూసుకెళ్తారు, ఆగుతారు, అరుస్తారు, మళ్లీ దూసుకెళ్తారు.

మూడు వారాల్లో ఆగిపోయింది. ఎందుకని ఫిజియోథెరపిస్టు ఇంటికి ఫోను చేసి అడిగింది. తల్లి రోజూ వెంట వెళ్తున్నారు, చేతిలో పల్స్ ఆక్సీమీటర్‌తో. 94 కంటే తగ్గితే పరుగు ఆపించేస్తున్నారు. కదులుతున్న వేలి మీద ఆ పరికరం చూపే అంకెను నమ్మడానికి లేదు. అది మేం ఆమెకు చెప్పలేదు. తొలి రెండేళ్లూ ఆ అంకెను చూస్తూ రాత్రుళ్లు మేలుకున్న మనిషి ఆమె. అంకె తగ్గితే అలారం మోగేది, మోగితే పరుగెత్తాలి. ఆ అలవాటును వైద్య వ్యవస్థే ఆమెకు నేర్పింది, వదిలేయమని చెప్పడం మాత్రం మరిచింది. ప్రాణాపాయం నుంచి బయటపడిన బిడ్డను, కోలుకున్న తర్వాత కూడా, ఏ క్షణాన ఏమవుతుందో అని చూసే తల్లిదండ్రుల గురించి గ్రీన్, సోల్నిట్ అనే ఇద్దరు వైద్యులు 1964లోనే రాశారు. నేను దాన్ని చదివింది పరీక్ష పాసవడానికి. ఈ కేసులో దాని అవసరం పడింది.

పథకం విఫలమైనప్పుడు నా తొలి ఆలోచన, ఒప్పుకోవాలి, "ఇంట్లో భయం ఎక్కువ, పిల్ల కూడా దాన్ని పట్టుకుంది" అని. అది సగం నిజం. సగం నిజాలు వైద్యంలో చాలా సౌకర్యంగా ఉంటాయి, వెతకడం ఆపేయడానికి.

సైకిల్ మీద పది నిమిషాలు

ఎనిమిదో నెలలో గుండె, ఊపిరితిత్తుల పూర్తి వ్యాయామ పరీక్ష చేయించాను. స్థిరంగా ఉండే సైకిల్, ముఖానికి మాస్క్, ఒక్కో శ్వాసలో లోపలికి పోయిన ఆక్సిజన్, బయటికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ లెక్క. దీన్ని ముందే చేయించాల్సింది. సాధారణ స్పైరోమెట్రీ కూర్చున్న పిల్ల గురించి చెబుతుంది. మాకు కావాల్సింది కదిలే పిల్ల.

ఈసారి గుండె వేగం 186 దాకా వెళ్లింది. పరీక్ష చెల్లింది. గరిష్ఠ శ్రమలో ఆక్సిజన్ వాడకం కిలోకు నిమిషానికి 29 మిల్లీలీటర్లు. ఆ వయసు ఆడపిల్లల్లో 40కి అటూఇటూగా ఉండాలి. శ్వాస వేగం నిమిషానికి 64, ఒక్కో శ్వాస 0.55 లీటర్లు, మొత్తం నిమిషానికి 35 లీటర్ల గాలి. ఆమె ఎఫ్‌ఈవీ-1ను 35తో గుణిస్తే గరిష్ఠంగా ఆడించగల గాలి అంచనా వస్తుంది, సుమారు 43 లీటర్లు. అంటే ఇంకా దాదాపు 19 శాతం నిల్వ మిగిలి ఉండగానే ఆపేసింది. ఆక్సిజన్ సంతృప్తత చివరిదాకా 95కి తగ్గలేదు. తల్లికి ఆ గీతను తెర మీద చూపించాం. ఆమె చాలాసేపు దాన్నే చూశారు.

చిన్న చిన్న శ్వాసలు వేగంగా తీసుకోవడం ఈ పిల్లల్లో తెలిసిన తీరే. 1995లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో 26 వారాల లోపు పుట్టిన పిల్లలను అనుసరించిన ఎపిక్యూర్ అధ్యయనం, పదకొండేళ్ల వయసులో వాళ్లను సైకిల్ ఎక్కించి ఇదే చూసింది. ప్రతి శ్వాసలో కొంత గాలి వాయుకోశాల దాకా చేరకుండా గొట్టాల్లోనే తిరిగి వచ్చేస్తుంది. శ్వాస చిన్నదైన కొద్దీ ఆ వృథా వాటా పెరుగుతుంది. మా పాప ఒక లీటరు ఆక్సిజన్ సంపాదించడానికి 47 లీటర్ల గాలి ఆడించాల్సి వచ్చింది.

అంకెలన్నీ చూసి, కండరాల బలహీనత ప్రధానం, ఊపిరితిత్తి పరిమితి కొంత అని నివేదిక రాయబోతున్నాను. పరీక్ష దగ్గరుండి చేయించిన ఫిజియోథెరపిస్టు వచ్చి ఒకే మాట అడిగింది.

"సార్, ఆ చప్పుడు పీల్చేటప్పుడు వస్తోంది. మీరు విన్నారా?"

వినలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా వినలేదు. పాప కూర్చుని ఉన్నప్పుడే స్టెతస్కోపు పెట్టాను. కూర్చున్నప్పుడు ఆ చప్పుడు లేదు. తల్లి "చప్పుడు" అన్నప్పుడు నేను "పిల్లికూతలు" అని రాసుకున్నాను. పిల్లికూతలు గాలి వదిలేటప్పుడు ఛాతీలో పుడతాయి. పీల్చేటప్పుడు వచ్చే గరగర గొంతులో పుడుతుంది. తల్లి మాటను నా భాషలోకి మార్చిన ఆ ఒక్క పదంతో రోగ నిర్ధారణ దారి తప్పింది.

ఫైలు మళ్లీ తిరగేశాను. స్పైరోమెట్రీ కాగితాలన్నీ గాలి వదిలే గీతలే. పీల్చే గీత ఒక్కదానిలోనూ లేదు. పిల్లలతో రెండూ చేయించడం కష్టమని, మాకు కావాల్సింది వదిలేదే కదా అని, మా ల్యాబ్‌లో అది అలవాటు తప్పిపోయింది.

ఆపై తేలినది

పీడీఏ ఆపరేషన్, బొంగురు గొంతు, శ్రమలో పీల్చేటప్పుడు చప్పుడు. మూడూ పక్కపక్కన పెడితే వైద్య విద్యార్థి కూడా చెబుతాడు. స్వరపేటికకు వెళ్లే ఎడమవైపు నరం సూటిగా వెళ్లదు. ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద నుంచి, సరిగ్గా ఆ పీడీఏ పక్కనే మెలిక తిరిగి మళ్లీ గొంతుకు ఎక్కుతుంది. కిలో కూడా లేని బిడ్డలో ఆ నాళాన్ని ముడివేసేటప్పుడు నరం దెబ్బతినడం అరుదు కాదు. నార్వేలోని బెర్గెన్ బృందం 2010లో, నెలలు నిండకుండా పుట్టి చిన్నప్పుడు ఈ ఆపరేషన్ జరిగిన 13 మంది పెద్దవాళ్లను పరీక్షిస్తే, ఏడుగురిలో ఎడమ స్వరతంత్రి కదలడం లేదు. ఏళ్ల తరబడి ఎవరూ గుర్తించలేదు.

చెవి ముక్కు గొంతు వైద్యురాలు సన్నటి గొట్టం కెమెరాతో చూశారు. ఎడమ స్వరతంత్రి కదలడం లేదు. కుడిది దాటి వచ్చి కలుస్తోంది కాబట్టి మాట వస్తోంది. ముక్కులో కెమెరా ఉంచి సైకిల్ తొక్కించినప్పుడు అసలు విషయం కనబడింది. శ్రమ పెరిగి గాలి వేగం పెరిగే కొద్దీ స్వరతంత్రికి పైన ఎడమవైపు మడత లోపలికి ఒరిగి దారికి అడ్డు వస్తోంది. ఆపగానే పక్కకు తప్పుకుంటోంది. ఆపిన రెండు నిమిషాల్లో ఆయాసం ఎందుకు పోతుందో అప్పుడు అర్థమైంది.

శస్త్రచికిత్స అవసరమా అని ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. దారి పూర్తిగా మూసుకోవడం లేదు, మింగడంలో ఇబ్బంది లేదు, పాప ఎదుగుతోంది, స్వరపేటికా ఎదుగుతుంది. అడ్డు వస్తున్న మడతను కోస్తే గాలికి దారి పెరుగుతుంది గాని, మింగేటప్పుడు తిండి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఒక వైపు పనిచేయని స్వరపేటికలో మరింత. ఆగుదాం అన్నారు గొంతు వైద్యురాలు. నాకూ అదే సబబు అనిపించింది.

మరి మిగిలినవి రెండు: గొంతు దగ్గర అడ్డంకి ఉన్నా దానితో ఎలా పరుగెత్తాలో నేర్పడం, కండరాలను తయారు చేయడం.

పనిచేసిన పద్ధతి

ముందు మందులు తగ్గించాం. మొదట దీర్ఘకాలపు బ్రాంకోడైలేటర్, తర్వాత స్టెరాయిడ్. ఆరు వారాలకు కొలిస్తే ఎఫ్‌ఈవీ-1 1.21. కొలతల్లో సహజంగా వచ్చే తేడాకు మించి ఏమీ లేదు. సాల్బ్యుటమాల్ మాత్రం ఇంట్లో ఉంచమన్నాను. ఒకసారి జలుబు చేసినప్పుడు ఆమె ఛాతీలో నిజమైన పిల్లికూతలు నేనే విన్నాను. గొంతు సమస్య ఉన్నంత మాత్రాన ఛాతీలో ఏమీ లేదని కాదు.

స్పీచ్ థెరపిస్టు శ్వాస నేర్పింది. భుజాలు వదులుగా, ముక్కుతో మెల్లగా, లోతుగా పీల్చడం, పెదవులు సున్నాలా చుట్టి వదలడం. గాలి ఎంత వేగంగా లాగితే మడత అంతగా లోపలికి ఒరుగుతుంది. అందుకే నెమ్మదిగా లాగడం. చప్పుడు మొదలైతే "భయపడకు" అని చెప్పలేదు. "వేగం సగానికి తగ్గించు, ఐదు శ్వాసలు ఇలా తీసుకో, మళ్లీ మొదలుపెట్టు" అని చెప్పాం. చేయడానికి ఒక పని ఉంటే భయానికి చోటు తగ్గుతుంది.

వ్యాయామం వారానికి మూడు రోజులు. మొదటి రెండు వారాలు మా దగ్గరే, తర్వాత ఇంటి దగ్గర. ముప్పై సెకన్లు గట్టిగా, నిమిషం నడక. ఎనిమిదిసార్లు. ముప్పై సెకన్లే ఎందుకంటే, కెమెరా పరీక్షలో మడత ఒరగడం మొదలయ్యేది ముప్పై అయిదు, నలభై సెకన్ల గట్టి శ్రమ తర్వాత. దానికి కాస్త ముందే ఆపితే గొంతు అడ్డు రాకముందే కాళ్లకూ గుండెకూ పని దొరుకుతుంది. ఆరు వారాలకు నలభై అయిదు సెకన్లు, పది వారాలకు నిమిషం. శ్రమ ఎంతో చెప్పేది ఆక్సీమీటర్ కాదు, పాపే. సున్నా నుంచి పది దాకా బొమ్మలున్న పట్టీ మీద ఏడు, ఎనిమిది మధ్య ఉండాలి. ఆక్సీమీటర్‌ను ఇంటి నుంచి తెప్పించి మా బీరువాలో పెట్టాం. వద్దని చెబితే దాచుకునేవారు. "మా దగ్గర ఉంచండి, కావాలంటే ఎప్పుడైనా తీసుకెళ్లండి" అన్నాం. ఇప్పటిదాకా అడగలేదు.

మధ్యలో ఒక వారం అంతా తలకిందులైంది. పాప ఎవరికీ చెప్పకుండా పక్కింటి పిల్లలతో ఆపకుండా పరుగెత్తింది, చప్పుడు పెద్దగా వచ్చింది, తల్లి వణికిపోయి ఫోను చేశారు. మాట్లాడుతుండగానే వెనక పాప గొంతు వినిపించింది: "అమ్మా, ఐదు శ్వాసలు తీసుకున్నా, తగ్గిపోయింది." ఆ ఫోను తర్వాత తల్లి పరుగు వెంట వెళ్లడం మానేశారు. మా వాళ్లు ఎవరూ చెప్పలేదు.

ఐదు నెలల తర్వాత

మళ్లీ అదే సైకిల్, అదే పరీక్ష. ఎత్తు 135, బరువు 27.3. గరిష్ఠ ఆక్సిజన్ వాడకం కిలోకు 29 నుంచి 34.5కి పెరిగింది. శ్వాస వేగం 64 నుంచి 54కి తగ్గింది, ఒక్కో శ్వాస 0.55 నుంచి 0.68 లీటర్లకు పెరిగింది. ఇందులో కొంత ఎదుగుదల వాటా ఉంది, అంతా వ్యాయామం ఘనతే అనడానికి లేదు. ఒకే పిల్ల, పోల్చి చూసే మరో గుంపు లేదు.

ఎఫ్‌ఈవీ-1 1.27 లీటర్లు. పెరిగిందా? ఎత్తు పెరిగింది కాబట్టి అంకె పెరిగింది. జెడ్ స్కోరు మైనస్ 2.5, మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే. ఐదు నెలల వ్యాయామం కొత్త వాయుకోశాలను పుట్టించలేదు, సన్న నాళాలను వెడల్పు చేయలేదు. చేస్తుందని మేం వాళ్లకు మాట ఇవ్వలేదు కూడా. గరిష్ఠ శ్రమలో ఆమె ఆడించిన గాలి నిమిషానికి 37 లీటర్లు. శ్వాస నిల్వలో వాడుకున్నది దాదాపు మునుపటి వాటాయే. మారింది ఏమిటంటే, ఒక లీటరు ఆక్సిజన్‌కు 47 లీటర్ల బదులు ఇప్పుడు 39 లీటర్ల గాలి సరిపోతోంది. చిన్న ఊపిరితిత్తితోనే ఎక్కువ పని.

స్పైరోమెట్రీ ఒక్కటే చూసి ఉంటే ఫైల్లో "మార్పు లేదు" అని రాసేవాడిని.

కెమెరా పరీక్షలో మడత ఇప్పటికీ ఒరుగుతోంది, కాకపోతే ఎక్కువ శ్రమ దగ్గర. ఎదుగుదల వేగం పుంజుకునే వయసులో గాలి అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది, అప్పుడు శస్త్రచికిత్స మాట మళ్లీ రావచ్చు. ఊపిరితిత్తుల సామర్థ్యం ఇరవైల్లో శిఖరానికి చేరి అక్కడి నుంచి తగ్గుతుంది. ఈ పాప శిఖరమే తక్కువ ఎత్తులో ఉంటుంది. అందుకని పొగాకు గురించి ఇంట్లో వాళ్లతో ఇప్పుడే మాట్లాడాం. ఏడాదికోసారి స్పైరోమెట్రీ, ఈసారి పీల్చే గీతతో సహా.

ధ్రువపత్రం విషయం మిగిలింది. దాన్ని వెనక్కి తీసుకుని బడికి ఒక ఉత్తరం రాశాను. ఈ పాప అన్ని ఆటలూ ఆడవచ్చు. ఎప్పుడు ఆగాలో ఆమెకు తెలుసు, ఆగితే ఆగనివ్వండి, మళ్లీ మొదలుపెడితే మొదలుపెట్టనివ్వండి. పరుగులో వచ్చే చప్పుడు గొంతుది, ఉబ్బసం కాదు, దానికి ఇన్హేలర్ అక్కర్లేదు. కూర్చున్నా చప్పుడు తగ్గకపోతే, మాట తడబడితే, పెదవులు నీలంగా మారితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అంతే రాశాను. పాప ఆ ఉత్తరం చదివి, "సంచుల దగ్గర ఎవరు కూర్చుంటారు మరి?" అంది.

ఈ కేసు తర్వాత మా క్లినిక్‌లో పీడీఏ ఆపరేషన్ జరిగిన పిల్లల ఫైళ్లన్నీ తీయించాను. గొంతు ఎలా ఉందని అడిగారా, పరుగెత్తించి విన్నారా అని వెతుకుతున్నాం. ఒక్కొక్కరినీ పిలిపిస్తున్నాం. మొట్టమొదట చేతికి వచ్చిన ఫైలు ఆరేళ్ల కిందటిది. మూడో పేజీలో నా చేతిరాతే ఉంది: "గొంతు కాస్త బొంగురు. జలుబు కాబోలు."